మైకు వినపడని ఇళ్లు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ కబురు గోదావరి లంకల్లోకి ఇప్పటికీ ఎక్కువగా గొంతుతోనే వెళ్తుంది: ఆటోకి కట్టిన మైకు, దండోరా, వీధి చివర నిలబడి కేకలేసే మనిషి. ఆలుమగలిద్దరికీ వినపడని ఇంటికి అందులో ఏదీ చేరదు. తలుపు కొట్టినా లాభం లేదు. అందుకే డెల్టాలో బధిరుల కోసం పనిచేసే సేవా సంస్థకి వరదల పని జూన్‌లోనే మొదలవ్వాలి. ఏ లంకలో ఎన్ని బధిరుల ఇళ్లున్నాయి, పక్కింట్లో వినపడే మనిషి ఎవరు, వీడియో కాల్ వచ్చే ఫోను ఎవరి దగ్గరుంది అన్న జాబితా ఏటా సరిచూసుకోవాలి. ఫోన్లు మారిపోతాయి, మనుషులు వలస పోతారు. నిరుటి జాబితా ఈ ఏడాది పనికిరాదు.

మొదటి హెచ్చరిక రాగానే అందరి ఫోన్లూ చార్జింగ్ పెట్టించాలి. నీళ్లు పెరిగాక కరెంటు తీసేస్తారు. కరెంటు లేని రాత్రి సైగలు కనపడవు. అప్పుడు వెళ్లే వాలంటీరు టార్చిని ఎదుటివాళ్ల కళ్లలోకి కొట్టకూడదు, వెలుతురు తన మొహం మీదా చేతుల మీదా పడాలి. టార్చి పట్టుకుంటే ఒక చెయ్యే మిగులుతుంది కాబట్టి ఇద్దరు వెళ్లాలి, ఒకరు వెలుతురు చూపిస్తే ఒకరు మాట్లాడతారు. నిద్రలో ఉన్నవాళ్లని లేపడానికి మంచానికి కట్టి కిటికీ బయటికి వదిలిన తాడుని మించిన సాధనం లేదు.

‘వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాం కదా’ అనే మాట తరచూ వినిపిస్తుంది. పెడతారు, నిజమే. ‘లోతట్టు ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను’ అని ఉంటుంది. పదో తరగతి పాసైన బధిరుల్లో కూడా చాలామందికి ఆ వాక్యం అందదు. వాళ్ల తెలివిలో లోటేమీ లేదు, ఎన్నడూ చెవిన పడని భాషని అక్షరాల్లోంచి మాత్రమే నేర్చుకోమన్నారు, అంతే. 30 సెకన్ల సంజ్ఞల వీడియో అయితే వెంటనే అందుతుంది: నీళ్లు ఎంతవరకు (మోకాలా, నడుమా), ఎప్పటికి, పడవ ఏ రేవుకి వస్తుంది. ఆ వీడియో తీసేది బధిరులే అయితే ఇంకా మంచిది.

తెలుగు వాక్యం అందకపోవడానికి మూలం 1880లో ఉంది. ఆ ఏడాది ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ, సైగలు మాని పిల్లల చేత నోటితోనే మాట్లాడించాలని తీర్మానించింది. ఓటేసినవాళ్లు దాదాపు అందరూ వినపడేవాళ్లే. మన దేశంలో బధిరుల బళ్లు వచ్చిందీ ఆ కాలంలోనే: బొంబాయిలో 1880లలో, కలకత్తాలో 1893లో, పాళయంకోటలో 1897లో. తర్వాత తెరిచిన బళ్లలో ఎక్కువ భాగం నోటి పద్ధతినే పట్టుకున్నాయి. ఆ తీర్మానం వల్ల జరిగిన హానికి 2010లో వాంకూవర్ మహాసభ విచారం ప్రకటించింది. ఈ లోపు 130 ఏళ్లు గడిచిపోయాయి.

పెదవులు చూసి మాట పట్టుకోమనడం ఎంత కష్టమో అద్దం ముందు నిలబడి ‘పాట, బాట, మాట’ అని గొంతు లేకుండా పలికి చూస్తే తెలుస్తుంది. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. క, గ అయితే అసలు పెదవుల మీద కనిపించవు. ఏళ్ల తరబడి ఈ ఊహాగానం మీదే పాఠాలు నడిచాయి. బాపట్ల, విజయనగరం లాంటి చోట్ల ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలకి వెళ్లిన పిల్లలు తరగతిలో కన్నా హాస్టలు వరండాలో ఎక్కువ నేర్చుకున్నారు, ఎందుకంటే అక్కడ చేతులకి అడ్డు లేదు. బడికే వెళ్లనివాళ్లకి మిగిలింది ఇంటి సైగలు, అమ్మకీ తోబుట్టువులకీ మాత్రమే తెలిసినవి.

తర్వాత వచ్చింది వినికిడి మిషన్ల కాలం. ఉపకరణాలిచ్చే కేంద్ర పథకం ‘అడిప్’ 1981లో మొదలైంది. 1983లో బొంబాయిలో వినికిడి లోపం మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. క్యాంపు పెట్టడం, మిషన్లు పంచడం, ఫొటో తీయడం సేవ అన్నమాటకి అర్థమైపోయింది. క్యాంపు రోజు వాలంటీర్లకి కొదవ ఉండదు. నెల తర్వాత ఆ ఇంటికి వెళ్లేవాళ్లే కరువు. మిషను పెట్టెలోకి చేరేది ఆ నెలలోనే.

కారణాలు చిన్నవి. మిషన్ని చెవిలో పట్టి ఉంచే అచ్చు వదులైతే శబ్దం బయటికి కారి మళ్లీ మైకులోకి వెళ్లి ‘కీ’మని కూస్తుంది. ఆ కూత బిడ్డకి వినపడకపోవచ్చు, చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం తీసేయమంటారు. చిన్నపిల్లల చెవి పెరుగుతుంటుంది కాబట్టి అచ్చు కొన్ని నెలలకోసారి మార్చాలి. చెవి కొలతకి పిండితో అచ్చు తీసేటప్పుడు ముందు దారం కట్టిన దూది బిళ్లని చెవిలో సరైన లోతుకి పెట్టాలి. అది లేకుండా పిండి నింపితే కర్ణభేరి దాకా పోతుంది. చీము కారుతున్న చెవికి అచ్చు తీయనే కూడదు, ముందు డాక్టరుకి చూపించాలి. జింక్ బ్యాటరీకి స్టిక్కరు తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టాలి, లేకపోతే త్వరగా నీరసిస్తుంది. ఒకసారి తీసిన స్టిక్కరు మళ్లీ అతికించినా ఆ బ్యాటరీ దాచుకోవడానికి రాదు. ఇక కోనసీమ ఉక్క: చెమట, తేమ గొట్టంలో చుక్కలు కట్టి శబ్దాన్ని ఆపేస్తాయి. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, మిషన్ని సిలికా జెల్ ఉన్న గట్టి మూత డబ్బాలో పెట్టాలి. రంగు మారే రకం జెల్ అయితే నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగినప్పుడు సన్నసెగ మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. ఇవన్నీ పది నిమిషాల్లో నేర్పవచ్చు, కానీ క్యాంపు గోలలో ఆ పది నిమిషాలు దొరకవు.

వైకల్య సర్టిఫికెట్టు పని వేరు. 1995 వికలాంగుల చట్టం మెరుగైన చెవిలో 60 డెసిబెల్స్ నష్టాన్ని గీతగా పెట్టింది. 2016 చట్టం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ నష్టం ఉంటే బధిరులని, 60 నుంచి 70 అయితే వినికిడి మందగించినవాళ్లని విడదీసింది. శాతం లెక్కలో మెరుగైన చెవి శాతాన్ని 5తో హెచ్చించి, రెండో చెవి శాతం కలిపి, 6తో భాగిస్తారు. ఒక చెవి పూర్తిగా పోయినా రెండోది బాగుంటే పథకాలకి కావాల్సిన 40 శాతం రాదు. ఆ సర్టిఫికెట్టు కోసం పరీక్షించే సదరం క్యాంపుకి బయల్దేరే ముందే ఈ సంగతి ఇంటివాళ్లకి చెబితే ఒక రోజు కూలీ మిగులుతుంది. శబ్దానికి మెదడు స్పందనని కొలిచే బెరా పరీక్ష చిన్నపిల్లలకి నిద్రలో చేస్తారు. బస్సులో బిడ్డ నిద్రపోతే ఆసుపత్రిలో మెలకువగా ఉంటుంది, పరీక్ష వాయిదా పడుతుంది. తోడెళ్లే వాలంటీరు దారంతా ఆడించి, అక్కడికి చేరాకే పాలు పట్టించాలి. నిద్రమందు ఇచ్చేట్టయితే పాలెప్పుడన్నది డాక్టరు చెప్పినట్టే.

సంజ్ఞా భాషకి గుర్తింపు బాగా ఆలస్యంగా వచ్చింది. మాట రాని సాక్షి రాసిగానీ సైగలతోగానీ చెప్పవచ్చని 1872 సాక్ష్య చట్టం 119వ సెక్షనే అన్నా, దుబాసీ సహాయం తీసుకుని ఆ వాంగ్మూలాన్ని వీడియో తీయాలన్న నియమం 2013 సవరణతో గానీ రాలేదు. ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా కేంద్రం 2015లో పుట్టింది. దాని నిఘంటువు 2018లో 3,000 పదాలతో మొదలై 2021కి 10,000కి చేరింది. దుబాసీ కోర్సు రెండేళ్లు. అది చదివి డెల్టాలో నిలబడినవాళ్లు తక్కువ.

దుబాసీ లేనిచోట ఆ బరువు వినపడే పిల్లల మీద పడుతోంది. పదేళ్ల పాపని పిలిచి ‘మీ అమ్మకి గడ్డ ఉందని చెప్పమ్మా’ అనడం ఆసుపత్రుల్లో మామూలైపోయింది. ఇది ఆగాలి. దుబాసీ డాక్టరు పక్కన, రోగికి ఎదురుగా నిలబడాలి. వెనకాల కిటికీ ఉండకూడదు, వెలుతురుకి మొహం నల్లబడుతుంది. డాక్టరు రోగి కళ్లలోకి చూసి మాట్లాడాలి. బడి మొహం చూడని పెద్దలకి ఇదీ చాలదు. దుబాసీ నేర్చిన సంజ్ఞలు వాళ్లకి రావు, వాళ్ల ఇంటి సైగలు దుబాసీకి రావు. మధ్యలో ఒక బధిర వాలంటీరు కూర్చుని ఒకదాన్ని రెండోదాంట్లోకి మలచాలి, కొబ్బరి చెట్టునో, రేవు దాటించే పంటునో చూపించి, ఏడాదిని కోతల లెక్కన చెప్పి. పోలీస్ స్టేషన్లో తేదీ, వేళ తేలేది ఆ మనిషి వల్లే. దుబాసీకి కనీసం బస్సు చార్జీ రాస్తారు. పక్కన కూర్చున్న బధిర మనిషికి చాలాచోట్ల ఆ కాగితంలో గడే ఉండదు.