పిల్లల చేతికి బంతుల లెక్క: బేస్‌బాల్‌లో ఈ పరిమితి ఎక్కడి నుంచి వచ్చింది?

మనకు పిచ్ అంటే 22 గజాల నేల. బేస్‌బాల్‌లో పిచ్ అంటే బ్యాటర్ వైపు విసిరే బంతి. విసిరేవాడు పిచర్. మన బౌలర్ ఒక ఓవర్ వేస్తే తర్వాతి ఓవర్ ఇంకొకరు అందుకోవాలి. పిచర్‌కి ఆ వెసులుబాటు లేదు. కోచ్ మార్చేదాకా ప్రతి బంతీ అతనే విసరాలి. జట్టులో ఒక కుర్రాడు గట్టిగా విసురుతున్నాడంటే ప్రతి మ్యాచ్‌లోనూ వాడినే దింపాలనిపిస్తుంది. పన్నెండేళ్ల పిల్లాడు రోజుకు ఎన్ని బంతులు విసరొచ్చు, మళ్లీ ఎన్ని రోజులకు బంతి పట్టొచ్చు అనే నిబంధనలు ఈ ఆశకు కళ్లెం వేయడానికి వచ్చినవే.

పిల్లల బేస్‌బాల్‌కు పెద్ద పేరు లిటిల్ లీగ్. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ మొదలుపెట్టాడు. అక్కడ పరిమితి లేకపోలేదు, కానీ అది ఇన్నింగ్స్‌లో ఉండేది. పన్నెండేళ్ల వయసువాళ్లకు వారానికి 6 ఇన్నింగ్స్. చిక్కంతా ఇక్కడే. ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోతుంది. అది 10 బంతుల్లో అవ్వొచ్చు, 35 బంతులూ పట్టొచ్చు. కూలీ ఎన్ని రోజులు వచ్చాడో రాసుకుని, ఎన్ని బస్తాలు మోశాడో చూడకపోవడం లాంటిది ఇది.

డాక్టర్లు చెప్పలేదా అంటే, చాలా ముందే చెప్పారు. 1960లోనే బ్రాగ్డన్, క్రో అనే ఇద్దరు వైద్యులు 'లిటిల్ లీగర్స్ ఎల్బో' అని ఈ జబ్బుకు పేరు పెట్టారు. పిల్లల మోచేతి లోపలి వైపు ఎముక ఇంకా పెరుగుతూ ఉండే చోటు, అంటే గ్రోత్ ప్లేట్, మెత్తగా ఉంటుంది. విసిరిన ప్రతిసారీ కండరం దాన్ని లాగుతుంది. 1965లో జోయెల్ ఆడమ్స్ అనే డాక్టర్ కాలిఫోర్నియాలో 80 మంది బాల పిచర్ల మోచేతులకు ఎక్స్‌రేలు తీసి మార్పులు చూపించాడు. విసరడం తగ్గించమన్నాడు. అయినా ఇన్నింగ్స్ లెక్క మరో నాలుగు దశాబ్దాలు కదల్లేదు.

ఈలోపు ఒక ఆపరేషన్ వచ్చింది. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ జట్టు ఎడమచేతి పిచర్ టామీ జాన్‌కి 1974 జులైలో మోచేతి లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే కట్టు, తెగింది. అప్పటిదాకా పిచర్‌కి అది తెగితే ఆట ముగిసినట్టే. సెప్టెంబర్ 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతి నుంచి ఒక స్నాయువు (టెండన్) తీసి ఎడమ మోచేతిలో కట్టాడు. టామీ జాన్ 1975 అంతా ఆడలేదు. 1976లో తిరిగొచ్చి, 1989 దాకా ఆడి, ఆపరేషన్ తర్వాత 164 మ్యాచ్‌లు గెలిచాడు. ఆ ఆపరేషన్‌కి అతని పేరే స్థిరపడింది.

అదొక అద్భుతం, కాదనలేం. కానీ ఆ విజయమే పిల్లల విషయంలో భయాన్ని పోగొట్టిందని నాకనిపిస్తుంది. తెగితే కట్టించుకోవచ్చులే అనే ధీమా ఇళ్లదాకా వచ్చింది. 2012లో వెలువడిన ఒక సర్వేలో హైస్కూలు ఆటగాళ్లలో 51 శాతం, తల్లిదండ్రుల్లో 37 శాతం మంది, దెబ్బ తగలకపోయినా ఆట మెరుగుపడటానికి ఈ ఆపరేషన్ చేయించవచ్చన్నారు! బాగున్న మోచేతిని కోయించాలట. 2007 నుంచి 2011 వరకు అమెరికా బీమా రికార్డుల్లో కనిపించిన ఈ ఆపరేషన్లలో సగానికి పైగా, 56.8 శాతం, 15 నుంచి 19 ఏళ్ల పిల్లలవే.

లెక్క మార్చే పని అలబామాలోని బర్మింగ్‌హామ్ నుంచి నడిచింది. అక్కడ సర్జన్ జేమ్స్ ఆండ్రూస్, పరిశోధకుడు గ్లెన్ ఫ్లైసిగ్ ఉన్న అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ పిల్లలు విసిరే బంతుల్ని నిజంగానే లెక్కపెట్టించింది. 2002లో వచ్చిన అధ్యయనంలో 476 మంది బాల పిచర్లను ఒక సీజన్ పాటు గమనిస్తే సగం మందికి మోచేతిలోనో భుజంలోనో నొప్పి వచ్చింది. 2006 నాటి అధ్యయనం ఆపరేషన్ దాకా వెళ్లిన 95 మంది కుర్రాళ్లను, బాగున్న 45 మందితో పోల్చింది. ఏడాదిలో 8 నెలలకు మించి విసిరేవాళ్లకు ఆపరేషన్ ముప్పు 5 రెట్లు. చెయ్యి అలసిపోయినా తరచూ విసిరేవాళ్లకు 36 రెట్లు. చిన్న గుంపు మీద తేలిన లెక్క కాబట్టి ఆ 36ని తు.చ. తప్పకుండా పట్టుకోనక్కర్లేదు, కానీ అది చూపించే దిక్కు మాత్రం స్పష్టం. కర్వ్ బంతి, అంటే గాల్లో వంపు తిరిగేలా విసిరే బంతి, మీద మాత్రం వాదన తెగలేదు. 2002 అధ్యయనం దాన్ని భుజం నొప్పితో ముడిపెట్టింది. తర్వాత ల్యాబ్‌లో కొలిస్తే, వేగంగా విసిరే మామూలు బంతి కంటే మోచేతి మీద ఎక్కువ భారమేమీ పడలేదు.

2006లో లిటిల్ లీగ్ ప్రకటించింది, 2007 సీజన్ నుంచి ఇన్నింగ్స్ పోయి బంతుల లెక్క వచ్చింది. ఇప్పుడు రోజుకు 7-8 ఏళ్లవాళ్లకు 50 బంతులు; 9-10 ఏళ్లకు 75; 11-12 ఏళ్లకు 85; 13 నుంచి 16 ఏళ్లకు 95. 14 ఏళ్లు, అంతకు తక్కువ వయసున్న పిల్లాడు 66 బంతులు గానీ అంతకు మించి గానీ విసిరితే 4 రోజులు విశ్రాంతి, 20 లోపైతే అక్కర్లేదు. ఒక బ్యాటర్ మధ్యలో పరిమితి దాటితే ఆ బ్యాటర్ వరకు ముగించనిస్తారు. 41 బంతులు గానీ అంతకు మించి గానీ విసిరినవాడు ఆ రోజు ఇక క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా, కూర్చోకూడదు. ఈ చివరిది నాకు బాగా నచ్చిన నిబంధన. ఎందుకంటే క్యాచర్ ప్రతి బంతినీ తిరిగి విసురుతూనే ఉంటాడు, ఆ విసుర్లు ఎవరి పద్దులోనూ పడవు.

పద్దులో పడనివి ఇంకా ఉన్నాయి. లీగ్ తన మ్యాచ్‌లలో మాత్రమే లెక్కపెడుతుంది. అదే పిల్లాడు వారాంతంలో ఊరూరా టోర్నీలు తిరిగే ట్రావెల్ జట్టులో ఆడితే? ఒక్కో స్కోరర్‌కి తన పుస్తకమే కనిపిస్తుంది. రెండు పుస్తకాలూ కలిపి చూడాల్సింది అమ్మానాన్నలే. అమెరికాలో వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్, జాతీయ సంఘమైన యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో 'పిచ్ స్మార్ట్' మార్గదర్శకాలు తెచ్చింది ఇందుకే, కానీ అవి సలహాలు. హైస్కూళ్లలో ప్రతి రాష్ట్రమూ బంతుల పరిమితి పెట్టాలన్న నిబంధన 2017 సీజన్‌కి గానీ రాలేదు.

జపాన్ ఇంకా ఆలస్యం. అక్కడ హైస్కూల్ టోర్నీ కోషియెన్ అంటే జాతర. 1998లో మత్సుజకా డైసుకే క్వార్టర్‌ఫైనల్లో 17 ఇన్నింగ్స్, 250 బంతులు విసిరాడు. దేశం దాన్ని వీరగాథగా చెప్పుకుంది. 2018 డిసెంబర్‌లో నీగాటా రాష్ట్ర సంఘం మ్యాచ్‌కి 100 బంతులు చాలంటే, జాతీయ సమాఖ్య మరోసారి ఆలోచించమంది. 2019 జులైలో 'ఓఫునాతో' అనే హైస్కూల్ జట్టు కోచ్, గంటకు 163 కిలోమీటర్ల వేగంతో విసిరిన ససాకి రోకిని ప్రాంతీయ ఫైనల్లో దింపలేదు. ఆ కుర్రాడు నాలుగు రోజుల ముందు 194, ముందు రోజు 129 బంతులు విసిరి ఉన్నాడు. జట్టు ఓడింది, కోషియెన్ దక్కలేదు. స్కూల్‌కి తిట్ల ఫోన్లు వెల్లువెత్తాయి.

2020 నుంచి జపాన్ హైస్కూళ్లలోనూ పరిమితి వచ్చింది, వారానికి 500 బంతులు. రోజుకు ఇన్ని అని ఏమీ లేదు. 1998లో మత్సుజకాలా ఎవరైనా ఒక్క రోజులో 250 విసిరినా, వారం లెక్క 500 దాటనంత వరకు ఈ నిబంధన ఈ రోజుకీ ఆపదు.