"ఏమీ కాదులే" అంటే ఏమవుతుంది?

రాత్రి తొమ్మిది దాటితే మా అక్కకు గుండెదడ మొదలయ్యేది. "నాడి చూడరా, తేడాగా ఉందా?" అంటూ చెయ్యి చాపేది. చూసి, "ఏమీ లేదక్కా, బాగానే ఉంది" అనేవాణ్ణి. మొదట్లో ఆ మాటతో తెల్లవార్లూ నిద్రపోయేది. నెల తిరిగేసరికి అదే మాట అరగంట కూడా పనిచేయడం మానేసింది. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు చేయించాం. అన్నీ మామూలే. చివరికి మానసిక వైద్యుడు ఆందోళన రుగ్మత అని తేల్చారు.

పాము కనిపిస్తే శరీరం ఏం చేస్తుందో ఇక్కడా అదే చేస్తుంది. మెదడులో అమిగ్డలా అనే భాగం హెచ్చరిస్తుంది, అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది, గుండె పరుగెడుతుంది. పాము మాత్రం ఉండదు. ఇలాంటి పానిక్ అటాక్ సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత దానంతట అదే దిగిపోతుంది. ఈలోగా నేను నాడి పట్టుకుంటే? దడ తనే తగ్గుతుందన్న సంగతి అక్క మెదడుకు తెలిసే అవకాశమే లేదు. తమ్ముడు చూశాడు కాబట్టి బతికానని లెక్క రాసుకుంటుంది. భయాన్ని తప్పించుకోగానే కలిగే ఊరటే ఆ తప్పించుకునే అలవాటును గట్టిపరుస్తుందని అమెరికన్ మనస్తత్వవేత్త మౌరర్ 1947లోనే వివరించాడు.

మరి ఇంట్లోవాళ్లు మారితే రోగి మారతారా? యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం ఆందోళన రుగ్మత ఉన్న 7 నుంచి 14 ఏళ్ల పిల్లలు 124 మందితో దీన్ని పరీక్షించింది. కొందరు పిల్లలకు నేరుగా కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల్నీ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే చికిత్స, ఇచ్చారు. మిగతావారి విషయంలో, పిల్లల భయానికి వంతపాడటం తగ్గించుకునేలా తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ ఇచ్చారు. ఆ పిల్లలు చికిత్సకుల దగ్గరికి వెళ్లనే లేదు. అయినా ఫలితం మొదటి పద్ధతికి తీసిపోలేదు.

ఆ శిక్షణ కాఠిన్యం నేర్పేది కాదు. "నీకు కష్టంగా ఉందని తెలుసు, నువ్వు తట్టుకోగలవనీ తెలుసు" అన్న రెండు మాటలూ కలిపి చెప్పాలి. మన ఇళ్లలో మొదటిది వదిలేసి "పనీపాటా లేక వచ్చే రోగం" అనేస్తాం, లేదా రెండోది వదిలేసి తాయెత్తు కట్టిస్తాం. ఇక మందుల సంగతి. ఈ రుగ్మతకు సాధారణంగా మొదట ఇచ్చే మందుల ప్రభావం కనిపించడానికే కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా "అలవాటైపోతాయి" అంటూ మాన్పించే బంధువు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆత్మహత్య మాట వినబడితే మాత్రం ఓపిక పట్టకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

ఒక మధ్యాహ్నం అక్క కుదురుగా ఉన్నప్పుడు టీ తాగుతూ ఒప్పందం చేసుకున్నాం. ఇక నాడి చూడను, పక్కన కూర్చుంటాను. ఆ రాత్రి నలభై నిమిషాలు కూర్చున్నాను. "చూస్తే నీ సొమ్మేం పోయింది?" అని తిట్టింది, ఏడ్చింది, తర్వాత దుప్పటి కప్పుకుని పడుకుంది. నాకే నిద్ర పట్టలేదు. "ఏమీ లేదు" అన్న మాట అన్నాళ్లూ ఎవరి ఊరట కోసం అన్నానో అప్పుడు అర్థమైంది.

ఇప్పటికీ ఎప్పుడైనా చెయ్యి చాపుతుంది. ఒక్కోసారి పట్టుకుని చూసేస్తాను కూడా.