చమురంటిన పక్షులు: తోక దగ్గరి నూనె మీద పాత తగాదా

చమురులో చిక్కిన పక్షులను కడగాలా, వద్దా అనే వాదన మళ్లీ రేగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో పాటు చెన్నై దగ్గరి ఎన్నూరు పాయలోకి చమురు చేరి గూడబాతుల (పెలికన్ల) ఈకలు నల్లబడ్డాయి. అప్పుడు విన్న మాటలే ఇప్పుడూ వినిపిస్తున్నాయి: సబ్బు పెడితే పక్షి ఒంటి సహజమైన నూనె పోతుంది, ఆ నూనె లేకపోతే అది నీళ్లలో నానిపోయి చస్తుంది, కాబట్టి కడగడం దండగ.

తోక మొదట్లో తైలగ్రంథి ఉంటుందనీ, పక్షి ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు రాసుకుంటుందనీ బాతులను పెంచినవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. తెలియవలసింది, ఆ నూనె వల్లనే పక్షి తడవకుండా ఉంటుందన్న నమ్మకం ఎక్కడ బీటలు వారిందో.

చిత్రంగా అది ఉన్ని పరిశ్రమలో జరిగింది. 1944లో ఇంగ్లండులో ఉన్ని పరిశోధన సంస్థలో పనిచేసే క్యాసీ, బ్యాక్‌స్టర్ అనే ఇద్దరు, నీరు పట్టని బట్ట గురించి లెక్కలు కడుతూ బాతు ఈకను ఉదాహరణగా తీసుకున్నారు. ఈకలోని సన్నని పోగులు చిన్న చిన్న కొక్కేలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వాటి సందుల్లో గాలి నిలుస్తుంది. మీద పడిన నీటిచుక్క చాలావరకు ఆ గాలి మీదే ఆగి, గుండ్రంగా జారిపోతుంది. పోగు ఎంత లావు, పక్క పోగుకు ఎంత ఎడం అన్నదే ఇక్కడ కీలకం.

పదేళ్ల తరువాత, 1954లో, అమెరికాలో విలియం ఎల్డర్ బాతులకు ఆ గ్రంథిని తొలగించిన ప్రయోగాల ఫలితాలు ప్రకటించారు. నూనె అందని ఈకలు క్రమంగా పెళుసుబారి చెడిపోయాయి. నూనె నీటిని నేరుగా అడ్డుకోవడం కంటే ఈక కట్టడాన్ని చెడకుండా కాపాడుతుందని ఆయన తేల్చారు. ఇవాళ్టి తగాదాకు జవాబు నా లెక్కలో అక్కడే ఉంది. పక్షులను కడిగేవాళ్ల చెవికి అది చేరడానికి మరో ప్రమాదం జరగవలసి వచ్చింది.

1967 మార్చిలో టోరీ కాన్యన్ అనే చమురు నౌక ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరంలో రాళ్లకు గుద్దుకుంది. లక్ష టన్నులకు పైగా ముడిచమురు సముద్రం పాలైంది. సుమారు ఎనిమిది వేల పక్షులను పట్టి తెచ్చి కడిగితే బతికినవి చాలా కొద్ది. "కడగడం దండగ" అన్న మాటకు ఈనాటికీ ఆధారంగా చూపేది ఆ ఏడాదినే. తరువాత న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు ఏళ్ల తరబడి పనిచేసి గుర్తించినది వేరు: ఈకల్లో మిగిలిపోయిన సబ్బే నీటిని లోపలికి లాగుతోంది. మామూలుగా గిన్నెలు తోమే సబ్బు ద్రవంతో కడిగి, సబ్బు జాడ లేకుండా గోరువెచ్చని నీళ్లతో జాడించితే ఈకల మీద నీరు మళ్లీ ముత్యాల్లా నిలిచింది. నూనె మళ్లీ ఊరే దాకా ఆగనక్కరలేకపోయింది. పోగులను సర్దుకునే పనిని పక్షి తన ముక్కుతో తానే చేసుకుంటుంది.

అవతలి పక్షం దగ్గర ఆధారాలు లేకపోలేదు. నూనె అందకుండా కొన్ని నెలలు ఉంచిన అడవి బాతుల ఈకలు చెడి, ఎక్కువ నీరు పట్టాయని 2010లో ఒక అధ్యయనం వచ్చింది. అయితే అది నెలల మాట. కడిగిన పక్షికి గ్రంథి అలాగే ఉంటుంది, మర్నాటి నుంచీ పనిచేస్తుంది. మన చెరువుల్లో నీటికాకిని చూడండి: గ్రంథి ఉంది, నూనె ఉంది, అయినా ఈకలు తడిసి రెక్కలు చాపుకుని ఎండలో నిలబడుతుంది. బట్టమేక పిట్టకు ఆ గ్రంథే లేదు, అయినా ఈకలకు లోటు రాలేదు (అది ఈదే పక్షి కాదు కాబట్టి ఈ సాక్ష్యాన్ని ఎక్కువగా లాగకూడదు).

2000 జూన్‌లో కేప్‌టౌన్ దగ్గర ట్రెజర్ నౌక మునిగినప్పుడు పంతొమ్మిది వేల దాకా పెంగ్విన్లు చమురులో చిక్కాయి. వాటిలో అత్యధిక భాగాన్ని కడిగి, కోలుకున్నాక సముద్రంలోకి వదిలారు. దీనికి ఎదురుగా 1990లో కాలిఫోర్నియా తీరంలో చమురు పడ్డప్పుడు కడిగి వదిలిన గోధుమరంగు గూడబాతుల్లో చాలావాటి జాడ రెండేళ్లలో లేకుండా పోయింది. గూడబాతుల గురించే మాట్లాడుతున్నాం కనుక ఇది బరువైన ఉదాహరణ. కానీ కడగడమే వాటిని చంపిందనడం తొందరపాటు. ఈకలు శుభ్రం చేసుకునే ప్రయత్నంలో పక్షి చమురును మింగుతుంది. పేగుల్లోకి, రక్తంలోకి చేరిన హానిని ఏ సబ్బూ కడగలేదు. అందుకే పట్టుకోవడంలో పోయే ప్రతి రోజూ లెక్కకు వస్తుంది.

ఎన్నూరు పాయ బకింగ్‌హాం కాలువ ద్వారా పులికాట్ సరస్సుతో కలుస్తుంది. పులికాట్‌లో మేసి నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులకు డిసెంబరు గుడ్లు, పిల్లల కాలం. రొమ్ము ఈకలకు అంటిన చమురు కొద్దిగా గుడ్డు పెంకుకు తగిలినా లోపలి పిండం చనిపోవచ్చు. కడగడం దండగ అనే వాదనలో ఆ గుడ్ల ప్రస్తావన ఎక్కడా రావడం లేదు.