ముక్కు లేని ఓడలు, నీళ్ళ కింద నిమ్మకాయ

మొన్న సెకండియర్ క్లాసు అయిపోయాక ఒక పిల్లోడు ఫోను పట్టుకుని వెనకే వచ్చాడు. ఫోన్లు తేకూడదు, అయినా తెచ్చాడు, సరే. అందులో ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే క్రూయిజ్ (విహార) ఓడ వీడియో. "సార్, ఇదేంది సార్, ఇంత పెద్ద ఓడకి ముక్కే లేదు? ఆర్టీసీ బస్సు మాదిరి నిట్టనిలువుగా ఉండాది. నీళ్ళని ఎట్ట కోస్తాది?" అన్నాడు.

ఆ "కోస్తాది" అన్న మాట దగ్గరే నాకు హుషారొచ్చింది. ఎందుకంటే మనందరి బుర్రలో ఓడ ముక్కు అంటే కత్తి, నీళ్ళు అంటే సొరకాయ. నీళ్ళని కొయ్యడం ఓడకి పెద్ద కష్టమేం కాదండీ, అవి వాటంతటవే పక్కకి జరుగుతాయి. ఒంటికి నీళ్ళ రాపిడి ఎటూ ఉంటుంది, ముక్కుకి సంబంధించిన అసలు కష్టం మాత్రం అలల దగ్గరుంది. ఓడ ముందుకి తోసుకుపోతుంటే ముక్కు దగ్గర నీళ్ళు ఆగి, ఒత్తిడి పెరిగి, గట్టులాగా పైకి లేస్తాయి, ఆ గట్టు అలగా మారి వెనక్కి పోతానే ఉంటుంది, ఆ అలని లేపడానికి అయ్యే ఖర్చు ఎవరిది? ఇంజనుది, అంటే నూనెది. ఒడ్డున కూర్చున్న మన కాళ్ళు తడిపిపోయే ఆ అలలో కొంత డీజిలు ఉందన్నమాట.

మైపాడు బీచిలో సాయంత్రం పూట ఫైబర్ బోట్లు తిరిగొచ్చేటప్పుడు ఒకసారి పక్కనించి చూడండి. మోటారు గట్టిగా ఇచ్చేసరికి ముక్కు పైకి లేచి, వెనక భాగం కూరుకుపోయి, బోటు ఏటవాలుగా వస్తుంది. అందరూ అది స్పీడు వల్ల అంటారు. కాదు, అది తను లేపిన అలనే తను ఎక్కుతోంది, బరువు బండి కాలవ గట్టు ఎక్కినట్టు. ఎట్టాగంటే, లోతు నీళ్ళలో పొడుగు అల వేగంగా పోతుంది, పొట్టి అల నిదానంగా పోతుంది. ఓడ వెనకాలే దాంతో సమానంగా నడిచే అల ఏదంటే, ఓడ స్పీడూ తన స్పీడూ ఒకటే అయిన అల. కాబట్టి అల పొడుగుని నిర్ణయించేది ఓడ సైజు కాదు, ఓడ స్పీడు. లెక్క కూడా సులువు, సెకనుకి ఎన్ని మీటర్లో ఆ అంకెని దాంతోనే గుణించి మళ్ళీ 0.64 తో గుణించండి, అల పొడుగు మీటర్లలో వచ్చేస్తుంది. 9 మీటర్ల బోటు 8 నాట్ల (నాట్ అంటే ఓడల స్పీడు కొలత) మీద, అంటే సెకనుకి 4.1 మీటర్లు పోతే అల పొడుగు దాదాపు 11 మీటర్లు. బోటు కన్నా అలే పొడుగు. ఇంక ముక్కు శిఖరం మీద ఉంటుంది, రెండో శిఖరం బోటుని దాటి వెనక్కి పోతుంది, ఆసరా లేక వెనక భాగం గుంట వైపు దిగుతుంది, ఎక్కడం తప్పదు.

ఇప్పుడు ఐకాన్‌ని చూద్దాం. పొడుగు 365 మీటర్లు, స్పీడు 22 నాట్లు, అంటే గంటకి 41 కిలోమీటర్లే (నెల్లూరు నించి ఒంగోలుకి మూడు గంటలు, మన పల్లెవెలుగుతో పోటీ). దాని అల 82 మీటర్లు. ఒడ్డూ పొడుగూ ఉన్న ఆ ఓడ కింద నాలుగుకి పైనే అలలు పడతాయి. అది ఎక్కే ప్రశ్నే లేదు, గట్ల మీద పలక పరిచినట్టు పోతుంది.

ఈ స్పీడుకీ పొడుగుకీ ఉన్న సంబంధాన్ని పట్టుకున్నాయన విలియం ఫ్రౌడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1860లలో స్వాన్, రేవెన్ అని పేర్లు పెట్టి, అంటే హంస, కాకి లాంటి నల్లపిట్ట, రెండు రకాల బొమ్మ ఓడలు చేసి లాగి చూశాడు, తర్వాత 1872లో టార్కేలో ఏకంగా తొట్టి కట్టించుకున్నాడు. ఆయన చెప్పిందేంటంటే బొమ్మ ఓడని అసలు ఓడ స్పీడుతో లాగకూడదు, పొడుగు వర్గమూలం నిష్పత్తిలో తగ్గించి లాగాలి, అప్పుడే అలల తీరు రెంటికీ ఒకేలా ఉంటుంది. స్పీడుని, గురుత్వం పొడుగుల లబ్ధానికి వర్గమూలంతో భాగిస్తే వచ్చే అంకెకి ఆయన పేరే పెట్టారు. మైపాడు బోటుకి అది 0.44. ఐకాన్‌కి 0.19. ఈ అంకెలు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తా.

ముందు నిమ్మకాయ సంగతి. మన దగ్గర కొత్త బోటు నీళ్ళలోకి దించేటప్పుడు ముక్కుకి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, టెంకాయ కొడతారు. పిల్లలు దీన్ని మూఢనమ్మకం అని నవ్వుతారు, నవ్వనీండి, కానీ విదేశాల్లో వందల కోట్ల డాలర్ల ఓడకి కూడా ముక్కు మీద సీసా పగలగొట్టే దించుతారు, 2024 జనవరిలో ఐకాన్ నామకరణానికి ఫుట్‌బాల్ మెస్సీని తెచ్చారు. టెంకాయకీ సీసాకీ పెద్ద తేడా నాకైతే కనపళ్ళేదు. కానీ నిమ్మకాయని నీళ్ళ పైన కాకుండా నీళ్ళ కింద పెడితే అది దిష్టికి కాదు, డీజిలుకి పనికొస్తుంది.

నిజం. కృష్ణపట్నం వైపు బొగ్గు దించేసిన ఓడలు తేలికై పైకి లేచి నిలబడి ఉంటాయి, వాటి ముక్కు కింద ఎర్ర రంగు పొట్టలో ముందుకి పొడుచుకొచ్చిన గుమ్మడికాయంత, కాదు కాదు, లారీ అంత ఉబ్బు కనపడుతుంది. నిండుగా ఉన్నప్పుడు అది నీళ్ళలో మునిగి ఉంటుంది. దాని పనేంటంటే, మునిగిన ఆ ఉబ్బు మీదుగా నీళ్ళు గబగబా జారతాయి, వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది (ఇదే బెర్నౌలీ సూత్రం, ఆ పేరు అనగానే మా వాళ్ళంతా విమానం రెక్క బొమ్మ గీసేస్తారు, ఓడ గీసినవాడిని ఇంతవరకు చూళ్ళేదు), ఒత్తిడి తగ్గితే పైన నీళ్ళు గుంట పడతాయి. అంటే ఉబ్బు గుంటతో మొదలయ్యే అలని పుట్టిస్తుంది. వెనకే ముక్కు గట్టుతో మొదలయ్యే అలని పుట్టిస్తుంది. గట్టు వచ్చి గుంటలో పడితే? చదును. వ్యతికరణం (రెండు అలలు కలిసి పెరగడం, చెరిగిపోవడం) చాప్టర్లో రెండు చీలికలు, తెర, సోడియం దీపం అని నెల రోజులు చెప్తాం, పిల్లలు బట్టీ కొడతారు, అదే చాప్టరు సముద్రం మీద నూనె మిగులుస్తోందని ఒక్క ముక్క చెప్పం.

మా ల్యాబులో అలల తొట్టి పగిలి చాలా ఏళ్ళయింది, కొత్తది అడిగితే వచ్చే సంవత్సరం అంటారు, ఆ వచ్చే సంవత్సరం ఎప్పుడూ వచ్చే సంవత్సరమే. అందుకని ఆదివారం ఇంటి వెనక సిమెంటు తొట్టిలో నేనూ ఆ పిల్లోడూ మొదలెట్టాం. 40 సెంటీమీటర్ల థర్మోకోల్ ఓడ, ముందు ఒక దారం, ముక్కు కింద పుల్లకి గుచ్చిన గూడూరు నిమ్మకాయ. వాడు ఉత్సాహంగా బర్రున లాగాడు, ఓడ తలకిందులైంది. తర్వాత మరీ మెల్లిగా లాగితే నిమ్మకాయ లేని ఓడే తేలిగ్గా వచ్చింది. "సార్, మీ నిమ్మకాయ దండగ" అన్నాడు. ఫ్రౌడ్ లెక్క వేసి సెకనుకి అర మీటరు లాగమన్నా. తొట్టి పొడుగు రెండు మీటర్లు, నాలుగు సెకన్లలో అయిపోతుంది, పదిసార్లు లాగితే ఒక ఏడుసార్లు ముక్కు దగ్గర నీటి గట్టు కొంచెం తగ్గినట్టే ఉంది. కొలిచామని చెప్పను, కళ్ళతో చూశాం అంతే.

కానీ ఆ తప్పిన ప్రయోగమే అసలు పాఠం. మెల్లిగా పోయేటప్పుడు అలలే చిన్నవి, చెరపడానికి ఏముంది, పైగా నిమ్మకాయ ఒంటికి నీళ్ళు రాసుకోవడం అదనపు బరువు. స్పీడు మారితే అల పొడుగు వర్గంలో మారుతుంది, 22 నాట్లకి 82 మీటర్లున్నది 15 నాట్లకి 38 అయిపోతుంది, గట్టూ గుంటా కలిసే చోటు తప్పుతుంది. ఉబ్బు అనేది ఒక స్పీడుకి, ఒక మునకకి కుట్టించిన చొక్కా. అమెరికా నేవీలో డేవిడ్ టేలర్ డెలావేర్ అనే యుద్ధనౌకకి 1910 ప్రాంతంలో దాన్ని పెట్టాడు, 1935లో నార్మండీ అనే ఫ్రెంచి ఓడ అదే ఉబ్బుతో 30 నాట్ల మీద అట్లాంటిక్ దాటింది. నార్మండీ ఫ్రౌడ్ అంకె 0.28 దాకా ఉంటుంది, అంత స్పీడులో అలలు పెద్ద శత్రువే. 2008 తర్వాత కంటైనరు ఓడలు నూనె కోసం స్పీడు తగ్గించుకున్నాక కొన్ని కంపెనీలు పాత ఉబ్బులు కోయించి కొత్తవి అతికించుకున్నాయి.

ఇప్పుడు పిల్లోడి బస్సు దగ్గరికి. క్రూయిజ్ ఓడకి తొందరేముంది? రాత్రి ఒక దీవి నించి పొద్దున ఇంకో దీవికి. ఇంజను బలం సుమారుగా స్పీడు ఘనంతో పెరుగుతుంది కాబట్టి 30 నాట్ల నించి 22కి దిగితే ఐదింట రెండు వంతులు చాలు. ఆ స్పీడులో కావలసింది నీటి గీత దగ్గర పొడుగు. వాలు ముక్కు ఓడలో పైన కొన్ని మీటర్లు గాల్లో వేలాడుతుంది, దానికీ నీళ్ళకీ సంబంధం లేదు. ముక్కుని నిలువు చేస్తే ఆ పొడుగంతా నీళ్ళలోకి వస్తుంది, ఫ్రౌడ్ అంకె ఇంకా తగ్గుతుంది, లోపల గదులకి చోటూ పెరుగుతుంది. 2016 ఐడాప్రిమా, 2018 సెలబ్రిటీ ఎడ్జ్, 2022 ఎమ్మెస్సీ వరల్డ్ యూరోపా, అన్నీ ఈ దారే. ఐడా వాళ్ళైతే ముక్కు మీద పెద్ద ఎర్ర పెదాలు, పక్కన కళ్ళూ గీస్తారు, చూడటానికి జాతర బొమ్మలా ఉంటుంది, నాకు నచ్చింది.

నాకు వింతగా అనిపించేది ఇంకోటి. టైటానిక్ ముక్కు కూడా దాదాపు నిలువే. 269 మీటర్లు, 21 నాట్లు, లెక్క వేస్తే 0.21. ఐకాన్ 0.19. నూరేళ్ళు తిరిగి అంకె అక్కడికే చేరింది, ముక్కూ అక్కడికే చేరింది. అదొక్కటే కారణమని అనను గానీ, ఊరికే మాత్రం కాదు.

అలలు కొట్టే చలి సముద్రాల్లో తిరిగే చిన్న ఓడల కథ వేరు. నార్వేలో ఉల్‌స్టైన్ అనే ఓడల కంపెనీ వాళ్ళు 2005లో తెచ్చిన ఎక్స్-బో లో ముక్కు పైకి పోయేకొద్దీ వెనక్కి వాలుతుంది, రామచిలక ముక్కు లాగా. మామూలు ఓడలో పైకి విచ్చుకున్న ముక్కు అల మీద ఫట్ మని పడుతుంది, కాఫీ కప్పు ఎగురుతుంది, ఇది మెల్లిగా అలలోకి దూరి మెల్లిగా లేస్తుంది. 2019లో గ్రెగ్ మార్టిమర్ అనే 104 మీటర్ల క్రూయిజ్ ఓడకి దీన్ని పెట్టారు. 365 మీటర్ల ఓడ ఎటూ కొన్ని అలల మీద ఒకేసారి పడుకుని పోతుంది కనక దానికి ఆ బాధ తక్కువ.

2021లో వచ్చిన లె కమాండెంట్ షార్కో అనే, మంచు పగలగొట్టుకుంటూ పోయే క్రూయిజ్ ఓడ అయితే మరీ విడ్డూరం. మంచు పలచగా ఉంటే ముక్కుతో పోతుంది, మందంగా ఉంటే వెనక్కి తిరిగి తోకతో విరుచుకుంటూ పోతుంది, కింద ఫ్యాన్లు ఎటైనా తిరుగుతాయి. ఇది చెప్పగానే మా వాడు కాసేపు ఆలోచించి, తొట్టిలో తేలుతున్న నిమ్మకాయ తీసుకుని చొక్కాకి తుడుస్తా అడిగాడు, "మరి దానికి పూజ ఏ వైపు చేస్తారు సార్?"