ఊపిరికి కాపలా

కెనడా పశ్చిమ తీరంలోని వాంకూవర్ నగరంలో, ఈస్ట్ హేస్టింగ్స్ వీధిలో, ఇన్‌సైట్ అనే కేంద్రం ఉంది. లోపలి గదిలో గోడ పొడవునా పదమూడు అరలు వరుసగా ఉంటాయి. ఒక్కో అరలో ఒక కుర్చీ, ఒక స్టీలు బల్ల, ఎదురుగా ఒక అద్దం. చూడగానే మంగలి షాపు గుర్తుకొస్తుంది గాని, ఆ అద్దం ఉన్నది ముస్తాబుకు కాదు. గోడవైపు తిరిగి కూర్చున్న మనిషి ముఖం వెనక ఉన్న నర్సుకు కనబడడానికి. వచ్చినవాళ్లు బయట ఎక్కడో కొనుక్కున్న మత్తుమందును తామే తెచ్చుకుంటారు. కేంద్రం ఇచ్చేది కొత్త సిరంజి, శుభ్రమైన నీళ్లు, చేతికి బిగించుకునే రబ్బరు పట్టీ, స్పిరిట్ దూది. నర్సు ఎవరికీ సూది వేయదు. సూది వేసుకున్న మనిషి తల వాలుతోందా, పెదవుల రంగు మారుతోందా, రెండు శ్వాసల మధ్య వ్యవధి పెరుగుతోందా అన్నది చూస్తుంది.

2003 సెప్టెంబరులో తెరిచిన ఈ గది, ప్రభుత్వ అనుమతితో ఉత్తర అమెరికాలో ఏర్పడిన మొదటి పర్యవేక్షణ కేంద్రం. అప్పటినుంచి దానిమీద వాదన ఆగలేదు. ప్రాణాలు కాపాడుతోందని ఒక పక్షం, వ్యసనానికి ప్రభుత్వమే చాప పరుస్తోందని మరొక పక్షం. ఇరుపక్షాల మాటలూ విన్నాక నాకు అనిపించేది ఒకటే: ఇక్కడ రెండు ప్రశ్నలు ఒకే మూటలో కట్టి ఉన్నాయి. ఈ గదిలో కూర్చున్న మనిషి చావకుండా ఉంటాడా అన్నది మొదటిది. ఈ గది వల్ల ఊళ్లో వ్యసనం, చావులు, వీధి గొడవలు తగ్గుతాయా అన్నది రెండోది. మొదటిదానికి దొరికిన జవాబును రెండోదానికి అతికించడంలోనే తికమకంతా పుడుతోంది.

మొదటి ప్రశ్నకు జవాబు శరీరధర్మశాస్త్రంలోనే ఉంది. నల్లమందు, అందులోంచి తీసే మార్ఫిన్, మార్ఫిన్‌ను మార్చి చేసే హెరాయిన్, పూర్తిగా ప్రయోగశాలలో తయారయ్యే ఫెంటనిల్, ఇవన్నీ ఓపియాయిడ్లు. మెదడులో ‘మ్యూ’ అనే గ్రాహకాలకు అంటుకోవడం వీటి గుణం. నొప్పిని మోసే దారుల్లో ఆ గ్రాహకాలు ఉన్నందువల్ల నొప్పి తగ్గుతుంది, సుఖాన్ని నడిపే దారుల్లో ఉన్నందువల్ల మత్తు కలుగుతుంది. అయితే అవే గ్రాహకాలు మెదడు అడుగున, వెన్నుపాముకు కాస్త పైన, శ్వాస లయను నడిపే చిన్న కణసమూహంలో కూడా ఉన్నాయి. దాని పేరు ప్రీ-బోట్జింగర్ సముదాయం. (దాని పొరుగున ఉన్న కణసమూహానికి, ఒక శాస్త్రసమావేశంలో బల్లమీద కనబడిన జర్మన్ వైన్ సీసా పేరు పెట్టారు, ఆ పేరుకు ‘ప్రీ’ తగిలించి దీన్ని పిలిచారు.) మనం నిద్రపోయినా ఈ కణాలు నిద్రపోవు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే ఊపిరి తీసుకొమ్మని శరీరాన్ని తొందరపెట్టే ఏర్పాటు కూడా ఆ పరిసరాల్లోనే ఉంది. ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు ఆ లయ నెమ్మదిస్తుంది, వాయువు పెరిగినా తొందరపాటు కలగదు. నీటిలో మునిగినవాడు కొట్టుకుంటాడు. ఇక్కడ ఆ కొట్టుకోవడం ఉండదు. గురక లాంటి శబ్దం వస్తుంది, పక్కగదిలోని వాళ్లు నిద్రపోతున్నాడనుకుంటారు. ఊపిరి పూర్తిగా ఆగిన తరవాత నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

ఈ చావుకు విరుగుడు ఉంది, అది చవకైనదే. నలోక్సోన్ అనే మందు అవే గ్రాహకాల దగ్గరికి పోయి ఓపియాయిడ్‌ను పక్కకు నెట్టి తాను కూర్చుంటుంది. ముక్కులో పిచికారీ కొట్టినా, కండలో సూది వేసినా కొద్ది నిమిషాల్లో ఊపిరి తిరిగి వస్తుంది. అయితే దాని ప్రభావం సాధారణంగా గంట, గంటన్నరకు మించి నిలవదు. అంతకంటే ఎక్కువసేపు ఒంట్లో ఉండే ఓపియాయిడ్ అయితే మనిషి మళ్లీ మగతలోకి జారుకోవచ్చు. కాబట్టి మందు ఒక్కటే చాలదు, మనిషి పక్కన మనిషి ఉండాలి. అనుభవం ఉన్న నర్సులు చాలాసార్లు నలోక్సోన్ కూడా వాడరు. గడ్డం పైకెత్తి గాలిదారి తెరిచి, ఆక్సిజన్ పెట్టి, భుజం తట్టి ఊపిరి తీసుకొమ్మని చెబుతూ కూర్చుంటారు. నలోక్సోన్‌తో ఒక్కసారిగా మత్తు దిగిపోతే వాంతులు, వణుకు, ఒళ్లంతా నొప్పులు మొదలై, ఆ మనిషి వెంటనే మరో మోతాదు కోసం బయటికి పరుగెత్తే ప్రమాదం ఉంది. ఇన్‌సైట్‌లో వేలసార్లు ఓవర్‌డోస్ సంభవించినా ఎవరూ చనిపోలేదన్న మాట వెనక ఉన్న కిటుకు ఇంతే. ఇందులో మాయ లేదు, వివాదమూ ఉండనక్కరలేదు.

రెండో ప్రశ్న దగ్గర నేల అంత గట్టిగా లేదు. ఎక్కువమంది ఉదహరించేది 2011లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనం: ఇన్‌సైట్ తెరిచాక దాని చుట్టూ 500 మీటర్ల లోపల ఓవర్‌డోస్ మరణాల రేటు 35 శాతం తగ్గగా, నగరంలో మిగతాచోట్ల 9.3 శాతమే తగ్గింది. తేడా చిన్నది కాదు. అయినా ఇది ముందూ వెనకల పోలిక. కొన్ని పేటలకు లాటరీ తీసి గది ఇచ్చి, మిగతావాటికి ఇవ్వకుండా చేసిన ప్రయోగం కాదు. అలాంటి ప్రయోగం చేయడం నైతికంగానూ, ఆచరణలోనూ కష్టం. 2018లో ఇందుకు విరుద్ధంగా, ఈ గదుల వల్ల పెద్ద ప్రయోజనం లేదని చెప్పిన ఒక సమీక్షా వ్యాసం వచ్చింది. వ్యతిరేకులు దాన్ని పట్టుకున్నారు. పద్ధతిలో తప్పులున్నాయని తేలి కొద్దినెలల్లోనే పత్రిక దాన్ని ఉపసంహరించింది. ఉపసంహరించినంత మాత్రాన దానికి వ్యతిరేకమైన నిర్ధారణ రుజువైపోదు. ఈ చిన్న తర్కాన్ని సమర్థకులు కొందరు మరిచిపోయారు.

లెక్క వేసి చూస్తే అసలు చిక్కు కనబడుతుంది. పదమూడు అరలు, ఒక్కొక్కరికి అరగంట చొప్పున, గంటకు 26 మంది. రోజుకు మూడు నాలుగుసార్లు మత్తు తీసుకునే మనిషి, దగ్గరలోనే ఉంటూ, ప్రతిసారీ రావడం జరగని పని. వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఓవర్‌డోస్ చావుల్లో అత్యధికం వీధుల్లో జరగవు. ఇళ్లలో, లాడ్జి గదుల్లో, తలుపు వేసుకుని ఒంటరిగా ఉన్నప్పుడు జరుగుతాయి. వెన్నునొప్పికి మొదలుపెట్టి అలవాటు పడిన నిర్మాణ కార్మికుడు, భార్యాపిల్లలకు తెలియకుండా బాత్‌రూములో తీసుకునేవాడు, ఈస్ట్ హేస్టింగ్స్ వీధికి బస్సెక్కి వచ్చి నర్సు ఎదుట కూర్చోడు. 2016 ఏప్రిల్‌లో ఆ రాష్ట్రం ప్రజారోగ్య అత్యయిక స్థితిని ప్రకటించింది. ఆ తరవాత చాలాచోట్ల పర్యవేక్షణ గదులు తెరిచినా, 2023లో రెండున్నర వేలమందికి పైగా చనిపోయారు. గదులు విఫలమైనందుకు ఇది సాక్ష్యమంటే తప్పు; అవి సరిపోతాయనుకోవడమూ అంతే తప్పు.

మధ్యలో మందే మారిపోయింది. ఇన్‌సైట్ కట్టినప్పుడు వీధిలో దొరికేది హెరాయిన్. ఇప్పుడు దొరికేది ఫెంటనిల్, అది మార్ఫిన్ కంటే 50 నుంచి 100 రెట్లు బలమైనది. రెండు మిల్లీగ్రాములు ప్రాణాంతకం కావచ్చు. అంత సూక్ష్మమైన మోతాదును ఎవరో గదిలో ఏ మిక్సీలోనో వేసి పిండితో కలిపితే సమంగా కలవదు. పులిహోర సరిగా కలపకపోతే ఒక ముద్ద చప్పగానూ ఇంకో ముద్ద ఉప్పు కషాయంగానూ తగులుతుంది. ఒకే పొట్లంలో మొదటి చిటికెకు ఏమీ కాకపోయినా రెండో చిటికె ఊపిరి తీయవచ్చు. పైగా అందులో నిద్రమాత్రల కోవకు చెందిన బెంజోడయాజెపైన్లు, పశువులకు వాడే జైలజీన్ లాంటి మత్తుమందులు కలుస్తున్నాయి, వాటిమీద నలోక్సోన్ పనిచేయదు. ఊపిరి వచ్చినా మనిషి గంటలతరబడి లేవడు. వీటన్నిటికంటే పెద్ద మార్పు, జనం సూది వదిలి పొగ పీల్చడం మొదలుపెట్టారు. సూదుల కోసం కట్టిన గదిలో పొగ పీల్చనివ్వాలంటే గాలిని బయటికి లాగే ప్రత్యేక యంత్రాలు కావాలి, వాటికి ఖర్చు ఎక్కువ, అందుకే చాలా కేంద్రాల్లో ఆ ఏర్పాటు లేదు. పిట్ట ఎగిరిపోయాక పంజరం బాగుందా లేదా అని వాదించుకున్నట్టుంది పరిస్థితి.

న్యాయస్థానాల్లో ఈ వాదన ఇంకో రూపం తీసుకుంది. 2008లో కెనడా కేంద్ర ఆరోగ్యమంత్రి ఇన్‌సైట్‌కు చట్టపరమైన మినహాయింపు కొనసాగించేందుకు నిరాకరించగా, 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పుతో ఆ నిరాకరణను కొట్టేసింది. అమెరికాలో ఫిలడెల్ఫియాలో తలపెట్టిన కేంద్రాన్ని 2021లో ఫెడరల్ అప్పీలు కోర్టు, మాదకద్రవ్యాల వాడకానికి ఇల్లు ఇవ్వడం నేరమన్న పాత చట్టం కింద అడ్డుకుంది. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్‌లో రెండు కేంద్రాలు తెరుచుకున్నాయి.

ఈ కేంద్రాల ఇరుగుపొరుగు వాళ్ల గోడును మూర్ఖత్వంగా కొట్టిపారేయడం నాకు నచ్చదు. 2023 జూలైలో టొరంటోలో ఒక కేంద్రం దగ్గర జరిగిన కాల్పుల్లో, దారిన పోతున్న ఒక తల్లి తూటా తగిలి చనిపోయింది. న్యూయార్క్ కేంద్రాల చుట్టుపక్కల నేరాలు గుర్తించదగినంతగా పెరగలేదని 2023లో ఒక అధ్యయనం చెప్పింది. అది నిజమే కావచ్చు, కానీ సగటు లెక్కలు చూపించి, బడి గేటు ముందు సిరంజి చూసిన తల్లిని ఒప్పించలేం. ఒంటారియో ప్రభుత్వం ఆ అసంతృప్తి మీదనే 2024లో చట్టం చేసి, బడులకూ శిశుసంరక్షణ కేంద్రాలకూ 200 మీటర్ల లోపల ఉన్న గదులను 2025 మార్చి ఆఖరులోగా మూసేయమంది. వాటి స్థానంలో తెస్తామన్న కేంద్రాల్లో చికిత్స, వసతి ఉంటాయి, పర్యవేక్షణ గది మాత్రం ఉండదు. ఇక్కడ శరీరధర్మం మళ్లీ గుర్తుచేసుకోవాలి: కొన్ని వారాలు మందు మానిన శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని పోగొట్టుకుంటుంది, చికిత్స నుంచో జైలు నుంచో బయటికి వచ్చిన మొదటి రెండు వారాలు అత్యంత ప్రమాదకరమైనవి. చికిత్స కావాలి, తప్పదు. చికిత్స మధ్యలో ఆగిపోయిన రోజున పక్కన ఎవరుంటారన్న ప్రశ్నకు ఆ చట్టంలో చోటు కనబడదు.

మన దేశంలో ఇలాంటి గది లేదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే లెక్కన దేశ జనాభాలో సుమారు 2.1 శాతం, అంటే రెండు కోట్ల పైచిలుకు మంది, ఓపియాయిడ్లు వాడుతున్నారు. ఇక్కడ ‘పర్యవేక్షణ’ అంటే వేరే దృశ్యం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద నడిచే ప్రత్యామ్నాయ చికిత్సా కేంద్రాల్లో నర్సు బ్యూప్రెనార్ఫిన్ మాత్రను నలిపి, వచ్చిన మనిషి నాలుక కింద వేస్తుంది. అది కరిగేదాకా కూర్చోబెడుతుంది. చివర నోరు తెరవమని, నాలుక పైకెత్తమని చెప్పి, ఏమీ మిగల్లేదని చూసుకున్నాకే పంపుతుంది. బ్యూప్రెనార్ఫిన్ కూడా ఓపియాయిడే, అవే మ్యూ గ్రాహకాలకు అంటుకుంటుంది; కాకపోతే సగమే పనిచేస్తుంది కాబట్టి, మోతాదు పెరిగినా శ్వాసను అణచడం ఒక హద్దు దగ్గర ఆగుతుంది. ఇంతకూ కెనడాలో ఇన్నేళ్లు కోర్టులెక్కిన వాదన మన శాసనానికి మరీ కొత్తదేమీ కాదు. మాదకద్రవ్యాలమీద ఇంత కఠినమని పేరున్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 71వ సెక్షన్ ఉంది: వ్యసనపరుల గుర్తింపు, చికిత్సలతో పాటు, ప్రభుత్వం వద్ద నమోదైన వ్యసనపరులకు మాదకద్రవ్యాన్ని సరఫరా చేసేందుకు కూడా ప్రభుత్వమే కేంద్రాలు పెట్టవచ్చని అందులో రాసి ఉంది.