మేపుల్ చెట్టు చచ్చిపోదా తాతయ్యా?

చిరంజీవులు అమ్ములు, చిన్నూలకు తాతయ్య ఆశీస్సులు.

బడివాళ్లు మిమ్మల్ని మీ అమెరికాలోని వెర్మాంట్‌లో మేపుల్ తోటకి తీసుకెళ్లారని అమ్మ చెప్పింది. తీపి రసం కోసం మానుకి చిల్లు పెట్టడం చూసి "చెట్టు చచ్చిపోదా?" అని చిన్నూ అడిగాడట. మంచి ప్రశ్న నాన్నా. ఎందరో శాస్త్రవేత్తలు దాని వెంటే పడ్డారు.

నాకు తెలిసింది తాటిచెట్టు, దాంతోనే చెబుతాను. మా ఊళ్లో కల్లుగీసే మామ మోకు బిగించుకుని తెల్లవారకముందే చెట్టెక్కేవాడు. గెల కొసను రోజూ రవ్వంత, పల్చగా చెక్కేవాడు. నీరా కోసం కట్టే లొట్టికి లోపల సున్నం పూసేవాడు, లేకపోతే పొద్దెక్కేసరికి పులిసిపోతుంది. మేం తాటాకు దొప్పలు పట్టుకుని కింద కాచుకునేవాళ్లం. మొదటి గుక్కలో తీపితోపాటు సన్నగా సున్నపు వాసన తగిలేది!

మేపుల్‌కీ ఆ పొదుపే కావాలి. అండర్‌హిల్‌లో వెర్మాంట్ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన కేంద్రం 1946 నుంచీ ఉంది. చిల్లుకి పైనా కిందా చెక్క రంగు మారి మూసుకుపోతుంది, అక్కడ ఇక రసం రాదు. అందుకే ఏటా కొత్త చోట చిల్లు పెడతారు, సన్నటి మానుల జోలికి పోరు. ఒకప్పుడు 11 మిల్లీమీటర్లుండే చిల్లు ఇప్పుడు 8కి తగ్గింది. గాయం చిన్నదైతే త్వరగా మానుతుంది.

సాయంత్రం చలి పట్టగానే చెట్టు, చిల్లుకి బిగించిన గొట్టంలోని రసాన్ని వెనక్కి పీల్చుకుంటుంది. దాంతోపాటు సూక్ష్మజీవులూ లోపలికి పోయి, రసం త్వరగా ఆగిపోతుంది. అందుకని అక్కడి పరిశోధకులు గొట్టం మూతిలో చిన్న గోళీ పెట్టారు. రసం బయటికొస్తుంటే తప్పుకుంటుంది, వెనక్కి పోబోతే అడ్డుపడుతుంది. మామ పూసిన సున్నం పనే ఈ గోళీదీ.

తాటిచెట్టుకి మంచుతో పని లేదు. మేపుల్‌కి మాత్రం రాత్రి గడ్డకట్టి పగలు కరగాలి, అప్పుడే రసం కారుతుంది. ఒక్క ఆకైనా లేని మోడు వేళ్లనుంచి నీళ్లు పైకి లాక్కుంటుంది! ఎలాగో వివరించడం నా వల్ల కాదు, తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

దాదాపు 40 లీటర్ల రసం మరిగితే ఒక లీటరు సిరప్. పళ్లెంలో వదిలేయకండి.

ఈసారి వెళ్తే మాను చుట్టూ తిరిగి, బెరడు మీద పాత చిల్లుల మచ్చలు వెతకండి. కొత్త చిల్లు వాటికి ఎంత దూరంలో పెట్టారో జానతో కొలిచి నాకు రాయండి.

మీ తాతయ్య