రేకు మంచిదే, కోత దిక్కే తప్పు

"సార్, సీఆర్‌జీవో రేకే వేశాం. అయినా నో-లోడ్ లాస్ ఎందుకింత?" ట్రాన్స్‌ఫార్మర్ కోర్లు టెస్ట్ చేసే నాకు ఈ ఫోన్ వస్తూనే ఉంటుంది. సీఆర్‌జీవో అంటే గ్రెయిన్లు, అంటే లోహంలోని స్ఫటికాలు, ఒకే దిక్కుకు సర్దుకుని ఉన్న సిలికాన్ స్టీలు రేకు. నో-లోడ్ లాస్ అంటే లోడు లేకపోయినా కోర్‌లో వృథా అయ్యే విద్యుత్తు. ఏ దిక్కున కోశారని అడుగుతాను. అవతల కాసేపు మాట ఉండదు.

అపోహ: సీఆర్‌జీవో అయితే చాలు, ఎటు కోసినా ఒకటే.

ముమ్మాటికీ కాదు. ఇనుము స్ఫటికాన్ని ఒక బుల్లి ఘనం అనుకోండి. దాని అంచు వెంట అయస్కాంతత్వం సులువుగా ఎక్కుతుంది. ఒక మూల నుంచి ఎదుటి మూలకు పోయే కర్ణం వెంట మొండికేస్తుంది. 1934లో నార్మన్ గాస్ పేటెంట్ పొందిన పద్ధతి గొప్పతనమల్లా గ్రెయిన్లలోని ఆ ఘనాల అంచులను దాదాపుగా రోలింగ్ దిశకు, అంటే మిల్లులో రేకు సాగిన పొడవు వైపుకు, తేవడమే. గాస్ టెక్స్‌చర్ అనేది దాన్నే. ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) ఆ దారిన పోతేనే మీరు కట్టిన డబ్బుకు ఫలితం. అడ్డంగా పోతే లాస్ రెండు మూడు రెట్లు. రోలింగ్ దిశకు 55 డిగ్రీల వాలులో కర్ణమే ఎదురవుతుంది, అయస్కాంతీకరించడానికి అది అన్నిటికన్నా కష్టమైన దారి.

ఒక రిపేర్ షాపు ఆయన ఇదే సమస్యతో రెండుసార్లు వైండింగ్ మార్పించాడు. కాయిల్‌లో ఏ లోపమూ లేదు. తుక్కు తగ్గుతుందని ఎవరో చెబితే యోక్ (కోర్‌లో పైన, కింద అడ్డంగా ఉండే భాగం) పట్టీలను రేకు వెడల్పున కోయించాడట. లింబ్ (వైండింగ్ ఉండే నిలువు భాగం) నుంచి కొన్ని, యోక్ నుంచి కొన్ని పట్టీలు తీసి, విడివిడిగా ఎప్‌స్టీన్ ఫ్రేములో (రేకు లాస్ కొలిచే సాధనం) పెట్టి మీటర్ చూపించాను. "రెండూ ఒకే చుట్టలోంచి కోసిన రేకులే కదండీ!" అన్నాడు. తరువాత ఒక పట్టీ కోటింగ్‌ను యాసిడ్‌తో తీశాను. చింతగింజలంత గ్రెయిన్లు తళుక్కుమన్నాయి. ఆయన మీద కోపం రాలేదు, ఆ సలహా ఇచ్చినవాడి మీద మాత్రం వచ్చింది.

"ఫర్నేస్‌లో పెడితే సరిపోదా?" అని అడిగాడు పాపం. సరిపోదు. 800 డిగ్రీల దగ్గర చేసే ఎనీలింగ్ (వేడిచేసి మెల్లగా చల్లార్చడం) కోతలో, వంపులో పడిన ఒత్తిడిని తీస్తుంది, గ్రెయిన్లను తిప్పదు. గాస్ గ్రెయిన్లు పక్కవాటిని మింగి పెరిగేది మిల్లులో, దాదాపు 1200 డిగ్రీలకు వెళ్లే ఎనీలింగ్‌లో. మామూలు రేకును కాల్చి సీఆర్‌జీవో చేస్తామనేవాళ్ల దగ్గర జాగ్రత్త.

ఇక మిగతావి. మోటారుకు సీఆర్‌జీవో వేస్తే ఇంకా మంచిదా? అక్కడ ఫ్లక్స్ తిరుగుతూ ఉంటుంది, ఒక్క దిక్కున బాగుండే రేకు దేనికి? అన్ని దిక్కులా దాదాపు ఒకేలా ఉండే నాన్-ఓరియెంటెడ్ రేకు వాడండి. సిలికాన్ ఎంత ఎక్కువైతే అంత మేలా? 3 శాతం దాటి పెంచుకుంటూ పోతే రేకు పెళుసై, రోలింగ్‌లోనే పగుళ్లొస్తాయి.

పాత కోర్ విప్పిన రేకులు వాడేవాళ్లు కంగారు పడొద్దు. 45 డిగ్రీల మైటర్ కోత (చివర వాలుగా కోసినది) ఉన్న పట్టీకి మామూలుగా పొడవు వైపే రోలింగ్ దిశ. చిన్న సైజుకు మళ్లీ కోసేటప్పుడు ఆ పొడవునే పొడవుగా ఉంచండి. దిక్కు తెలియని ముక్కలుంటే వాటిని కోర్‌లో కలపకుండా పక్కన పెట్టేయండి.